పిడికెడు బియ్యం, పెంకుల కంపెనీ

ఆ పూట విజయవాడ వన్ టౌన్‌లో శౌరయ్య మెట్లెక్కిన నాలుగో కొట్టు అది. మొదటి మూడు చోట్లా సంచీలోంచి కాగితాలు పూర్తిగా బయటికి రాకముందే "ఆ పెంకుల కంపెనీవా? వద్దయ్యా, వద్దు" అని చెయ్యి ఊపేశారు. ఒకాయనైతే పక్కనున్న గుమాస్తా వైపు చూసి నవ్వాడు కూడా. ముప్ఫై ఏళ్ళు తాపీ పని చేసి, పది మంది కూలీలను నడిపే మేస్త్రికి ఆ నవ్వుతో తల కొట్టేసినట్టయింది.

నాలుగో కొట్టు రామకోటేశ్వరరావుది. ఇనప చువ్వలు, మేకులు, సర్కారు పర్మిట్ మీద వచ్చే సిమెంటు అమ్ముతాడు. హైదరాబాదులో ఒక బ్రోకరుతో సంబంధం పెట్టుకుని షేర్లు కూడా కొని అమ్ముతుంటాడు. శౌరయ్య తాను పని చేసే ఇళ్ళవాళ్ళను చువ్వల కోసం ఈ కొట్టుకే పంపిస్తాడు గనక ఆయన బల్ల చూపించి కూర్చోమన్నాడు. కాగితాలు తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"నాగవల్లీ టైల్ వర్క్స్ లిమిటెడ్. ఈ సంపూర్ణమ్మ ఎవరు?"

"మా అక్కండీ. పేరు ఆవిడదే గానీ డబ్బు ఆవిడది కాదండీ. మా పేట ఆడాళ్ళందరిదీ."

"మూడొందల ఇరవై షేర్లు. పదేసి రూపాయలు పోసి కొన్నారా?"

"అవునండీ. డెబ్భై నాలుగులో."

"ఎవరయ్యా కొనమన్న మహానుభావుడు?"

ఆ మహానుభావుడు శౌరయ్యే.

శౌరిపేట దివిసీమలో ఉంది. సముద్రానికి నాలుగు మైళ్ళు. నలభై గడప, అంతా కేథలిక్కులే, అంతా కూలి చేసుకునేవాళ్ళే. వాళ్ళకో గుడి ఉంది. ఇటుక గోడలు శౌరయ్య కూలి తీసుకోకుండా కట్టాడు. పైన మాత్రం తాటాకు. ఆ తాటాకు తీసేసి పెంకు వేయించాలని పేట ఆడవాళ్ళు పదకొండేళ్ళు పిడికెడు బియ్యం ఎత్తారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక్క పిడికెడు తీసి పక్కన ముంతలో వేయడం, ఆదివారం ఆ ముంత గుడికి తేవడం. సంపూర్ణమ్మ అవన్నీ ఒకచోట పోసి కొలిచి అమ్మేది. తిన్నాక మిగిలిన బియ్యం కాదు అవి. పిల్లలు ఇంకో ముద్ద అడుగుతుంటే, లేదని చెప్పి తీసిన బియ్యం.

అలా మూడు వేల రెండొందలు పోగయ్యాయి. పెంకులకు సరిపోతాయి. దూలాలకు, వాసాలకు సరిపోవు. కలప లేకుండా పెంకులు కొని ఏం చేస్తారు? సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ ఏజెంటు చల్లపల్లిలో కరపత్రాలు పంచాడు. పది రూపాయలు పెట్టిన షేరు మూడేళ్ళలో ఇరవై అవుతుందని అందులో ఉంది. పేదవాళ్ళ డబ్బు చేతిలో పడేసరికి కొందరికి ఎక్కడలేని తెలివీ పుట్టుకొస్తుంది. శౌరయ్యకూ అలాగే పుట్టుకొచ్చింది. డబ్బు రెట్టింపయితే పెంకులూ వస్తాయి, కలపా వస్తుంది అన్నాడు. మేస్త్రి మాట గదా, ఆడవాళ్ళు ఊఁ అన్నారు. అయినా ఒకసారి చూసి రమ్మన్నారు.

అక్కా తమ్ముడూ బస్సెక్కి హనుమాన్ జంక్షన్ పక్కనున్న ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఆఫీసులో గుమాస్తా ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకం ఒకటి చేతికిచ్చాడు. లాభం ఎంతో, బాంకుకు బాకీ ఎంతో అన్నీ ఇందులో ఉన్నాయి, చదివించుకోండి అన్నాడు. శౌరయ్య దాన్ని మడిచి సంచీలో పెట్టేశాడు. కాగితం మీద ఏమైనా రాసుకోవచ్చు, సరుకు చూడాలి అన్నాడు. ఒక పెంకు తీసి వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. రెండు ఇటుకలు దూరంగా పెట్టి వాటిమీద ఆ పెంకు పరిచి ఎక్కి నిలబడ్డాడు. చాలక "అక్కా, నువ్వెక్కు" అన్నాడు. సంపూర్ణమ్మ భారీ మనిషి. ఫ్యాక్టరీ ఆడకూలీలు పని మానేసి చూస్తుంటే, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, సిగ్గుపడుతూ ఎక్కింది. పెంకు చెక్కు చెదరలేదు.

ఆ తర్వాత దొడ్డి చూశారు. కంటికి ఆనినంత మేర పెంకుల కుప్పలు. సంపూర్ణమ్మ నోరు తెరుచుకుని చూసింది. డెల్టాలో పుట్టిన మనిషి ఎవరింటికైనా వెళ్తే ముందు చూసేది దొడ్లో వరి కుప్పలనే. సంబంధాలు చూసేటప్పుడు కూడా అంతే. ఎన్ని కుప్పలు ఉంటే అంత గట్టి ఇల్లు.

"ఇన్ని కుప్పలున్న కొంపకి కళ్ళు మూసుకుని పిల్లనియ్యొచ్చురా తమ్ముడూ" అంది.

శౌరయ్యా అదే అనుకున్నాడు. మర్నాడే డబ్బు కట్టేశారు.

రామకోటేశ్వరరావు ఇదంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఓరి నీ అమాయకత్వం కూలా! రైతు దొడ్లో కుప్ప ఉందంటే గింజ ఉన్నట్టు. ఎప్పుడు కావాలంటే అప్పుడు నూర్చుకుంటాడు. ఫ్యాక్టరీ దొడ్లో కుప్ప ఉందంటే కొనేవాడు రానట్టయ్యా! నువ్వారోజు చూసిన పెంకులు ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. బాంకువాళ్ళు దొడ్డికి తాళం వేసి బోర్డు కూడా కట్టారు."

"పెంకు మంచిదేనండీ" అన్నాడు శౌరయ్య, పీల గొంతుతో.

"కాదని ఎవరన్నారు? కొనేవాడేడీ? డబ్బున్నవాడు శ్లాబు పోయించుకుంటున్నాడు, లేనివాడు తాటాకు కప్పుకుంటున్నాడు. పోనీ నువ్వే చెప్పు. ఈ మూడేళ్ళలో నువ్వు ఎన్ని పెంకుటిళ్ళు కట్టావు?"

శౌరయ్య ఆలోచించాడు. పటమటలో ఒక గొడ్లసావిడి. అదొక్కటే. మిగతావన్నీ శ్లాబులే, అన్నీ తన చేత్తో పోసినవే. రోజూ తన చేతులు చేస్తున్న పనే ఆ కంపెనీ పీక నొక్కుతోందని ఇన్నాళ్ళూ తనకు తట్టనే లేదు.

"షేరుకి మూడు రూపాయలిస్తా" అన్నాడు రామకోటేశ్వరరావు. "అదీ నీ మొహం చూసి. తొమ్మిదొందల అరవై. డబ్బొద్దంటే ఇంకో మాట చెబుతా విను. నా దగ్గర ఇరవై బస్తాల సిమెంటుంది. చువ్వ కూడా సర్దుతా. గుడి మొత్తానికి రాదులే గానీ, ముందు మీ ఫాదరు పూజ చేసే పీఠం గది వరకూ శ్లాబు వేసుకోవచ్చు. మిగతాది తాటాకే ఉంటుంది. నీ లెక్కలో ఎంతొస్తుంది?"

లెక్క శౌరయ్య నాలిక చివర ఉంది. "పది బై పన్నెండు అడుగుల గది వస్తుందండీ. నాలుగు మూలలా స్తంభాలు లేపి వెయ్యొచ్చు."

"మరింకేం?"

మరింకేం అంటే, పదకొండేళ్ళ బియ్యం. ఒక్క పది అడుగుల శ్లాబు చూపించి, ఇదేనమ్మా మీ బియ్యం అని ఎలా చెప్పడం? ఏ మొహం పెట్టుకుని చెప్పడం? తను బతికున్నన్నాళ్ళూ ఆ గదివైపు వేలు చూపించి శౌరయ్య తెలివి అంటారు. కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు.

"క్రిస్మస్ దాకా చూస్తానండీ."

"చూడు. అప్పటికి రెండు రూపాయలవుతుంది" అన్నాడాయన.

కొట్టు దిగి తిన్నగా హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు. తన కళ్ళతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు. రామకోటేశ్వరరావు చెప్పింది అక్షరాలా నిజం. గేటుకు తాళం, పైన బాంకు బోర్డు, లోపల అవే కుప్పలు. నాచు పట్టి నల్లబడ్డాయి. పొగగొట్టంలో పొగ లేదు. కాపలావాడిని బతిమాలి, తీగెల కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఒక పెంకు అందుకున్నాడు. వేలి కణుపుతో కొట్టాడు.

ఖంగుమంది.

మూడు వానాకాలాలు నానింది, మూడు ఎండాకాలాలు కాలింది, అయినా ఆ మోత తగ్గలేదు. అంతటితో శౌరయ్య బుద్ధి మళ్ళీ గడ్డి తింది. ఇంత మంచి సరుకు ఊరికే పోతుందా? ఎవడో ఒకడు వస్తాడు, తాళం తీస్తారు, షేరు పదికి కాకపోయినా ఎనిమిదికైనా వస్తుంది అనుకున్నాడు. వస్తువు మంచిదైతే చాలు, దానికి విలువ ఉండి తీరుతుందని పనివాడికి ఒక పిచ్చి నమ్మకం. అది లేకపోతే వాడు మంచి పనివాడు కాలేడు. దానివల్లే ఆ రోజు శౌరయ్య మునిగాడు, తనతో పాటు పేటనీ ముంచాడు.

ఆ ఆదివారం, సెప్టెంబరు నెలాఖరున, శౌరిపేట వెళ్ళాడు. కూచిపూడి దాటినప్పటి నుంచీ వాన. గుడిలో తాటాకు కుళ్ళి చిల్లులు పడింది. ఫాదరు రాని వారాల్లో గుడి నడిపే ఉపదేశి జపం చెప్పిస్తుంటే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని వాన పడని చోటికి జరుపుకుంటూ కూర్చున్నారు. జపం అయ్యాక తెరేసమ్మ లేచింది. పాతికేళ్ళ పిల్ల, శౌరయ్యకు పినతండ్రి కూతురు వరస. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇంకొకడు.

"శౌరయ్యన్నా, ఆ కాగితాలేవో అమ్మేసి, ముందు ఈ పైకప్పు సంగతి చూడరాదా?" అంది. "బియ్యం పోసినదాన్ని, అడుగుతున్నానని ఏమనుకోకు."

శౌరయ్య జవాబు చెప్పేలోగా సంపూర్ణమ్మ అందుకుంది. ఆమె కళ్ళు తమ్ముడి మొహం మీదే ఉన్నాయి.

"పట్నంలో ఎవరన్నా ఏమన్నా ఇస్తామన్నార్రా?"

"లేదక్కా. ఇప్పుడెవరూ కొనట్లేదు. క్రిస్మస్‌కి ధర వస్తుంది."

అంత తేలిగ్గా అబద్ధం వచ్చేసింది. సంపూర్ణమ్మ నమ్మింది. నమ్మి, ఆడవాళ్ళకు తనే సర్దిచెప్పింది. అమ్మే కాగితం మీద ఎప్పుడో సంతకం పెట్టి ఇచ్చేసింది గనక ఇక ఆమె చేయవలసిందేమీ లేదు. శౌరయ్య సోమవారం పొద్దున్నే విజయవాడ వచ్చి పనిలో పడ్డాడు.

డెబ్భై ఏడు నవంబరు పందొమ్మిది, శనివారం. విజయవాడలో గాలికి రేకులు ఎగిరాయి, చెట్లు పడ్డాయి. ఆదివారం సాయంత్రానికి దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందని కబురు వచ్చింది. శౌరయ్య బయల్దేరాడు. బస్సు పోయినంత దూరం బస్సు, తర్వాత నడక, ఆ తర్వాత నీళ్ళలో నడక. మంగళవారం మధ్యాహ్నం శౌరిపేట చేరాడు.

శౌరిపేట లేదు. గుడి పునాది ఉంది. తను పేర్చిన ఇటుకలు చేలల్లో ఎక్కడెక్కడో పడి ఉన్నాయి. నూట పదకొండు మంది పోయారు. సంపూర్ణమ్మ శవం రెండు రోజుల తర్వాత తుమ్మకంపల్లో దొరికింది. తెరేసమ్మ తాటిమాను పట్టుకుని బతికింది. రెండు చేతులూ మానుకే కావలసొచ్చాయి. పిల్లలిద్దరూ పోయారు. శౌరయ్య ఏడవలేదు. శవాలు మోశాడు, గోతులు తవ్వాడు. చేతికి పని ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు.

మూడో రోజున తాటిమానుల మీద ఒండ్రు గీత కనిపించింది. నీళ్ళు అక్కడిదాకా నిలిచాయన్నమాట. మేస్త్రి కన్ను ఊరుకోలేదు. దగ్గరికెళ్ళి మూరలతో కొలిచాడు. ఏడడుగులు. పీఠం గది శ్లాబు వేసి ఉంటే నేలకు పదకొండు అడుగుల ఎత్తున ఉండేది. పక్క ఊళ్ళో సొసైటీ డాబా అంతే ఎత్తు. దానిమీదికి ఎక్కినవాళ్ళు అందరూ బతికారు. నాలుగు మూలలా స్తంభాలు. ఇరవై బస్తాలు. రెండు వారాల పని. ఆ చెట్టు మొదట్లోనే కూలబడిపోయి, గుక్కపట్టి ఏడ్చాడు. అక్క కోసం ఏడుస్తున్నాడనుకుని జనం ఓదార్చారు.

ఫిబ్రవరిలో రామకోటేశ్వరరావు కబురు పంపాడు. కొట్టులో కూర్చోబెట్టి, మనిషిని పంపి టీ తెప్పించాడు. ఇదివరకెప్పుడూ తెప్పించలేదు.

"మేస్త్రీ, ఆ షేర్లు ఉన్నాయా పారేశావా?"

"పెట్లో ఉన్నాయండీ."

"బతికిపోయావు! సీమంతా కొత్త ఇళ్ళు గదా, లారీలకి లారీలు పెంకులు పోతున్నాయి. బాంకువాళ్ళే తాళం తీశారు. ఆ కుప్పలన్నీ ఆరు వారాల్లో ఊడ్చుకుపోయాయి. కొలిమి ఆరకుండా నడుస్తోంది. షేరు పదహారు పలుకుతోంది, తెలుసా? నేనే కొంటా. కానీ నీకు మంచి చెప్పాలి గనక చెబుతున్నా. ఇంకో మూణ్ణెల్లు ఆగావంటే ఇరవై దాటుతుంది."

శౌరయ్య గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. మూడొందల ఇరవై పదహార్లు. కలప వస్తుంది, పెంకులు వస్తాయి, ఇంకా మిగులుతుంది. తను అన్నట్టే జరిగింది. పెంకు మంచిదే. కంపెనీ మంచిదే. గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

ఆదివారం శౌరిపేట వెళ్ళాడు. టార్పాలిన్లు కప్పిన గుడారాల మధ్య, మిగిలిన ఆడవాళ్ళు చాప వేసుకుని కూర్చున్నారు. పదమూడు మంది. శౌరయ్య నిలబడే సంగతంతా చెప్పాడు. షేరు పదహారైందని చెప్పాడు. మొత్తం ఎంతవుతుందో చెప్పాడు. ఎవరైనా మొహాన ఉమ్మేస్తారేమో అనుకున్నాడు. ఉమ్మేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయితే నువ్వు చెప్పింది నిజమేనన్నమాట అన్నా" అంది తెరేసమ్మ. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. మనిషి చిక్కి సగమైంది, గొంతు మాత్రం అదే. "మేమే తొందరపడి అమ్మెయ్యమన్నాం. సంపూర్ణక్క ఉంటే ఎంత సంబరపడేదో!"

"ఆవిడకి మొదట్నించీ నీ మాట మీద గురి" అంది ఇంకొకామె.

మిగతావాళ్ళు తలలూపారు.

"మరిప్పుడు అమ్మేద్దామా, ఇంకొన్నాళ్ళు ఉంచుదామా?" అంది తెరేసమ్మ. "మాకేం తెలుస్తుంది? నువ్వెట్లా అంటే అట్లానే అన్నా."

పదమూడు మందీ అతని మొహంలోకి చూస్తున్నారు. మూడేళ్ళ కిందట చూసినట్టే చూస్తున్నారు. ఇంకొక్కసారి నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. శౌరయ్య ఆ నమ్మకాన్ని ఇంకొక్క క్షణం కూడా మోయలేకపోయాడు.

"నన్నడక్కండమ్మా" అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను. ఆ రోజు వాన పడుతుంటే ఎవరూ కొనట్లేదన్నానే, అది అబద్ధం. కొంటానన్నాడు. మూడు రూపాయలిస్తానన్నాడు. కాదంటే ఇరవై బస్తాల సిమెంటు, చువ్వ ఇస్తానన్నాడు. పీఠం గది మీద శ్లాబు వచ్చేది. గాలివానకి ముందే అయిపోయేది. ఇంత డబ్బు పోసి ఇంతేనా అంటారని, నన్ను వేలెత్తి చూపిస్తారని, వద్దని వచ్చేశాను."

ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెరేసమ్మ చాప మీద గీతల వెంట వేలు నడిపింది.

"ఎంత గది?" అంది.

"పది బై పన్నెండు."

"నీళ్ళకి పైన ఉండేదా?"

"నాలుగడుగులు పైన."

"ఎంతమంది పడతారన్నా, దానిమీద?"

చెప్పనక్కరలేదు. తెలియదనవచ్చు. కానీ మూడు నెలలుగా రోజూ పొద్దున లేచింది మొదలు అతను వేసుకుంటున్న లెక్క అదొక్కటే. ఇక అబద్ధం ఆడే ఓపిక అతనిలో లేదు.

"ఒత్తుకుని నిలబడితే అరవై మంది."

తెరేసమ్మ తలెత్తింది.

"పిల్లలైతే?"

శౌరయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పిల్లలైతే వంద మంది పట్టేవాళ్ళమ్మా."

"మన పేటలో అందరి పిల్లలూ కలిపి డెబ్భై మందే గదన్నా" అంది తెరేసమ్మ.